ఇది ఎన్ని గంటల రాత్రి?

ప్రశ్న: ఆరేళ్ళుగా కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. మొదటి రెండేళ్ళు క్లాప్ కొట్టడం, బ్యాటరీలు మార్చడం, లెన్సులు తుడవడం. తర్వాత నాలుగేళ్ళుగా ఫోకస్ పుల్లర్‌ని, అంటే నటులు కదిలేకొద్దీ లెన్సు తిప్పి బొమ్మ మసకబారకుండా చూసే మనిషిని. నాకు 31 ఏళ్ళు. ఇప్పుడు రెండు పిలుపులు ఒకేసారి వచ్చాయి. మా కెమెరామన్‌గారు ఒక పెద్ద సినిమా ఒప్పుకున్నారు. ఏడాది పని, నన్నే ఫస్ట్ అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. ఇంకోవైపు, నాతోపాటు సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరిగిన స్నేహితుడు తన మొదటి సినిమాకు నన్ను కెమెరా చేయమంటున్నాడు. 22 రోజుల షూటింగ్. కథలో ముప్పావు వంతు ఒకే ఇంట్లో జరుగుతుంది, అందులో సగం రాత్రి సీన్లు. ‘ఇప్పటి కెమెరాలు చీకట్లోనూ చూస్తాయి, నాలుగు లైట్లు చాలవా’ అంటున్నాడు నిర్మాత. నాకు ఫోకస్ తప్ప ఏమీ రాదేమోనని భయంగా ఉంది. ఇంకో మాట. నేను చేసే పనేమిటో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. ‘మా అమ్మాయి కెమెరా దగ్గర నిలబడుతుంది’ అని చెప్పుకుంటుంది అమ్మ. ఏం చేయమంటారు?

సమాధానం: చిన్న సినిమా ఒప్పుకోండి.

మీ మనసు ఎటుందో మీ ఉత్తరమే చెబుతోంది కాబట్టి నాన్చకుండా ముందే చెప్పేస్తున్నాను. పెద్ద సినిమా గురించి మీరు రాసింది రెండే వాక్యాలు. ఆ ఇంటి గురించి మాత్రం ఒక పేజీ రాశారు. చోటు చాలక ఇక్కడ అచ్చు వేయలేదు గానీ, ఏ గదికి కిటికీ ఎటు ఉందో, వంటింట్లోకి ఎండ ఎన్నింటికి వస్తుందో, మెట్ల దగ్గర పగలు కూడా ఎందుకు చీకటిగా ఉంటుందో అన్నీ అందులో ఉన్నాయి. ఒప్పుకోవాలా వద్దా అని అడుగుతూనే మీరు రెక్కీ (షూటింగ్ చోటును ముందే చూసిరావడం) చేసి వచ్చేశారమ్మా. 

‘ఫోకస్ తప్ప ఏమీ రాదు’ అన్నారు. ఆ మాట కాస్త ఆగి ఆలోచించండి. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘బ్యారీ లిండన్’ (1975) మీకు తెలిసే ఉంటుంది. కొవ్వొత్తుల వెలుగులోనే సీన్లు తీయడానికి, నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన, వెలుతురును చాలా ఎక్కువగా లోపలికి తీసుకునే ఎఫ్ 0.7 లెన్సు వాడారు. కెమెరామన్ జాన్ ఆల్కాట్‌కు దానికి ఆస్కార్ వచ్చింది. ఆ లెన్సుతో ఫోకస్ పట్టింది డగ్లస్ మిల్సమ్. అంత తెరిచిన లెన్సుతో క్లోజప్ తీస్తే ఫోకస్ ఎంత పలుచగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నటుడు నిట్టూర్చి కాస్త వెనక్కి ఒరిగితే చాలు, కన్ను పోయి చెవి మిగులుతుంది. అందుకని ఆయన నటులకు పక్కనుంచి, కెమెరాకు తొంభై డిగ్రీల కోణంలో ఇంకో వీడియో కెమెరా పెట్టించి, వాళ్ళు ఎంత ముందుకు జరిగారో ఎంత వెనక్కి వెళ్ళారో అందులో చూస్తూ ఫోకస్ తిప్పారు. అదే మిల్సమ్ తర్వాత అదే దర్శకుడికి ‘ఫుల్ మెటల్ జాకెట్’ (1987) తీసిపెట్టారు. ఆల్కాట్ కూడా ఫోకస్ పుల్లర్‌గా ఉండి పైకొచ్చినవారే. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి పనిచేస్తుండగా, కెమెరామన్ జెఫ్రీ అన్స్‌వర్త్ వేరే సినిమాకు వెళ్ళాల్సి వస్తే మిగతాది ఆల్కాట్ చేతిలో పెట్టారు.

సెట్లో నటుడికి అందరికంటే దగ్గరగా ఉండేది ఫోకస్ పుల్లరే. డైలాగు ఎక్కడ మింగుతారో, ఏ మాటకు ముందు తల దించుతారో, మూడో టేక్‌కి మార్క్ (ఆగాల్సిన చోటు గుర్తు) ఎంత దాటుతారో మీకు వేళ్ళల్లో తెలుస్తుంది. ఆ తెలివి లేని కెమెరామన్లు చాలామంది ఉన్నారు. లైటు బాగా పెడతారు, మనిషి అందులోకి రాడు.

మీకు లేనిది వేరు. నిర్ణయం మీద పడే బరువు మీరింకా మోయలేదు. లైటు ఎటు పెట్టాలి, ఎంత చీకటి వదలాలి అన్నది ఆరేళ్ళుగా మీ కళ్ళముందే జరుగుతోంది, కానీ తప్పయితే అడిగేది మిమ్మల్ని కాదు. ఇంకో ఏడాది పెద్ద సినిమాలో ఉన్నా ఈ బరువు మీ మీదకు రాదు. ఇంకా పెద్ద క్రేన్లు చూస్తారు, ఇంకా ఎక్కువ లైట్లు చూస్తారు. ఆపైన మీకు 32 వస్తుంది, ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

నేను కెమెరా చేసిన మొదటి సినిమాలో రెండో రోజే రాత్రి సీను పడింది. తండ్రి మంచం మీద పడుకుని ఉంటాడు, చాలా ఏళ్ళకు తిరిగొచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తుంటాడు. ఫిల్ము కడిగి ప్రింటు వచ్చేదాకా ఏం పడిందో తెలియని కాలం అది. నల్లగా వస్తే ఇక నన్నెవరూ పిలవరన్న భయంతో ఉన్న లైట్లన్నీ పెట్టేశాను. లైట్ మీటరు పట్టుకుని మంచం దగ్గర, గోడ దగ్గర, గుమ్మం దగ్గర ఐదేసి సార్లు కొలిచాను. నాలుగో రోజు రషెస్ (కడిగి వచ్చిన ప్రింటు) చూశాం. అన్నీ కనిపించాయి. గోడకున్న క్యాలెండరులో తేదీలు చదువుకోవచ్చు, అంత స్పష్టం. కొడుకు ముఖంలో మాత్రం ఏమీ లేదు. దర్శకుడు కోప్పడలేదు. ‘ఇది ఎన్ని గంటల రాత్రి?’ అని అడిగారు, అంతే.

నా దగ్గర జవాబు లేదు. ఆ వేళప్పుడు ఆ గదిలోకి వెలుతురు అసలు ఎక్కడినుంచి రావాలో నేను ఆలోచించనే లేదు. ఎంత లైటు కావాలో లెక్క వేశాను గానీ ఎందుకు కావాలో అడుక్కోలేదు. భయపడిన కెమెరామన్ లైట్లు ఎక్కువ పెడతాడు. ఆ సీను మళ్ళీ తీశాం. కొడుకు వెనక, వరండాలో ఒకే లైటు. అది గుమ్మం దాటి నేల మీద పడి, ఆ నేల నుంచి పైకి చిమ్మిన వెలుతురే మంచం దాకా పాకింది. తండ్రి ముఖం సగం కనిపించదు. కళ్ళు తెరిచాడని మాత్రం తెలుస్తుంది.

మీ స్క్రిప్టులో రాత్రి సీన్లన్నీ తీసి, ఒక్కోదాని పక్కన టైము రాయండి. తొమ్మిదిన్నర, రెండు, నాలుగూ పది. దర్శకుడికి కూడా తెలియకపోతే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. తర్వాత ఆ టైముకి ఆ గదిలో ఏ దీపం వెలుగుతుందో, ఏ తలుపు తెరిచి ఉంటుందో రాయండి. తొమ్మిదిన్నరకు ఇంట్లో అన్ని లైట్లూ ఉంటాయి. రెండింటికి ఎవరో ఒకరు ఏదో అవసరానికి లేచి వేసిన లైటు తప్ప ఇంకేం ఉండదు. సగం లైటింగ్ ఆ కాగితం మీదే అయిపోతుంది.

మీ నిర్మాత మాటలో నిజం లేకపోలేదు. చాలా డిజిటల్ కెమెరాలు 800 ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే శక్తికి కొలత) దగ్గర హాయిగా పనిచేస్తాయి, కొన్ని అంతకు చాలా పైకి కూడా వెళ్తాయి. నాలుగు లైట్లతో సినిమా తీయొచ్చు. ఆయన ఒక్కటి మరిచిపోయారు. కెమెరా చీకట్లో చూడగలదు గానీ, ప్రేక్షకుడు ఎటు చూడాలో చెప్పలేదు. దానికే లైటు. ఈ మాట ఆయనతో వాదంగా పెట్టుకోకండి. లైటు ఉన్న ఫ్రేము ఒకటి, లేని ఫ్రేము ఒకటి తీసి పక్కపక్కన చూపించండి. 

నాలుగు లైట్లున్నవాళ్ళకు దూరమే ఐదో లైటు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందని మీరు చదువుకునే ఉంటారు, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). దాన్ని గదిలో పెట్టి చూడండి. ముఖానికి మీటరు దూరంలో లైటు ఉంది, ముఖానికి రెండు మీటర్లు వెనక గోడ ఉంది అనుకుందాం. గోడ లైటుకు మూడు మీటర్ల దూరం కాబట్టి ముఖం మీద పడినదాంట్లో తొమ్మిదో వంతే దాని మీద పడుతుంది. మూడు స్టాపుల పైన తేడా, గోడ దానంతట అదే చీకట్లోకి వెళ్ళిపోతుంది. అదే లైటును ముఖానికి నాలుగు మీటర్ల దూరం లాగితే గోడకూ ముఖానికీ మధ్య తేడా ఒక స్టాపు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే గోడను చీకటి చేయడానికి మీకు అడ్డాలు అక్కర్లేదు, పెద్ద గదీ అక్కర్లేదు. మెత్తని గుడ్డ కప్పిన చిన్న లైటును ఫ్రేము అంచుదాకా దగ్గరికి తీసుకురండి. నేనీ సంగతి పుస్తకంలో చాలాసార్లు చదివాను, చేతికి వచ్చేసరికి మూడు సినిమాలు పట్టింది.

మీ ఇంట్లో పగటి సీన్లకు సుబ్రత మిత్రను గుర్తుచేసుకోండి. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. పైన ఆకాశం తప్ప వేరే వెలుగు రాని లోగిలి అది. నేరుగా లైట్లు కొడితే మనుషుల నీడలు నాలుగు వైపులా పడి అబద్ధం బయటపడిపోతుంది. మిత్ర ఏం చేశారంటే, సెట్ పైన తెల్లగుడ్డ పరిచి, కింది నుంచి లైట్లు దాని మీదకు కొట్టారు. గుడ్డ మీంచి దిగిన వెలుతురుకు నీడ గట్టిగా పడదు. ఈ రోజు ప్రతి సెట్లో ‘బౌన్స్’ అని అరుస్తామే, ఆ పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన పని అది. ఇంకో విషయం మీకు బలాన్నిస్తుందేమో. అదే దర్శకుడి ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టేనాటికి మిత్రకు 21 ఏళ్ళు, అంతకుముందు ఆయన సినిమా కెమెరా నడిపినవారు కాదు. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ ‘ది రివర్’ తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు పక్కన నిలబడి, కెమెరామన్ క్లాడ్ రెన్వార్ ఏ లైటు ఎక్కడ పెడుతున్నారో బొమ్మలు గీసి రాసుకున్నారు. చదువంటే ఆయనకు ఆ నోట్‌బుక్కే. 

మీకు ఆరేళ్ళ సెట్లున్నాయి. నోట్‌బుక్ ఉందా? ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఈ రాత్రి మొదలుపెట్టండి. మీరు పనిచేసిన సినిమాల్లో గుర్తున్న పది షాట్లకు, కెమెరా ఎక్కడుంది, లైట్లు ఎక్కడున్నాయి, కిటికీ ఎటుంది, పైనుంచి చూసినట్టు గీయండి. ఎన్ని గీయగలిగారో చూస్తే, ఆరేళ్ళూ కొలతటేపు మాత్రమే చూశారో, లైటునూ చూశారో మీకే తెలుస్తుంది. సగమైనా గీయలేకపోతే సినిమా మొదలయ్యేలోపు ఏదైనా సెట్టుకి వెళ్ళి, పని లేకుండా నాలుగు రోజులు లైట్‌మెన్ వెనక నిలబడండి.

మీ కెమెరామన్‌గారి గురించి. వేరేవాళ్ళు చెప్పకముందే మీరే వెళ్ళి చెప్పండి. ఫోన్లో వద్దు. ఆయన షెడ్యూలు పెట్టుకునే ముందే, ఇంకో ఫోకస్ పుల్లర్‌ని వెతుక్కునే వ్యవధి ఉండగానే చెప్పడం మర్యాద. నొచ్చుకోవచ్చు. నాలుగేళ్ళు ఆయన కళ్ళు మీ వేళ్ళ మీద ఆధారపడ్డాయి, నొచ్చుకోకపోతేనే ఆశ్చర్యం. అయినా ఈ పనిలో అందరూ ఒకరి దగ్గరినుంచి బయటికి వచ్చినవాళ్ళే. వి.కె.మూర్తి ‘బాజీ’ (1951)కి సహాయకుడిగా పనిచేస్తూ, ఒక పాటలో అద్దం మీద మొదలయ్యే షాట్‌ను తాను తీసి చూపిస్తానన్నారు. దర్శకుడు గురుదత్ ఆ షాట్ చూసి, ‘జాల్’ (1952) నుంచి తన సినిమాలకు ఆయన్నే కెమెరామన్‌గా పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ కలిసి ‘కాగజ్ కే ఫూల్’ (1959) చేశారు. ఖాళీ స్టూడియోలో పైనుంచి దిగే ఆ వెలుగు పట్టీ కోసం మూర్తి బయట ఎండలో పెద్ద అద్దం పెట్టి, దాని నుంచి ఇంకో అద్దానికి పట్టి, సూర్యుణ్ణే లోపలికి తెచ్చారు. సినిమా అప్పట్లో ఆడలేదు. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు ఇచ్చారు, అది అందుకున్న మొదటి కెమెరామన్ ఆయనే. మీ స్నేహితుడి సినిమా ఆడకపోవచ్చు. మీ భయంలో ఇది కూడా ఉందని నాకనిపిస్తోంది. ఆడని సినిమాలో కూడా ఒక గది వెలుతురు మిగులుతుంది, దాన్ని చూసేవాళ్ళు ఎక్కడో ఉంటారు.

ఆడపిల్లగా ఈ పనిలో ఉన్నదాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అడగకపోయినా చెబుతాను. బి.ఆర్.విజయలక్ష్మి, కెమెరామన్ అశోక్‌కుమార్ దగ్గర సహాయకురాలిగా పనిచేసి, 1985లో ‘చిన్న వీడు’ అనే తమిళ సినిమాతో స్వతంత్రంగా కెమెరా చేశారు. మన దేశంలో అలా చేసిన తొలి మహిళ ఆమే. ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషన్ ఒక మహిళకు దక్కడానికి మాత్రం 2018 దాకా ఆగాల్సి వచ్చింది, రేచల్ మారిసన్, ‘మడ్‌బౌండ్’. తొంభై ఏళ్ళ అవార్డుల్లో మొదటిసారి. ఇందులో ఆడవాళ్ళ చేతకానితనం ఏమీ లేదు. మొదటి సినిమా చేతిలో పెట్టే మనిషి దొరకకపోవడమే కారణం. మీకు దొరికాడు. సెట్లో మొదటి రెండు రోజులు లైట్‌మెన్ మీ మాట విని, నిర్ధారణ కోసం దర్శకుడి వైపు చూస్తారు. నొచ్చుకోకుండా రెండోసారి కూడా అదే మాట, అదే గొంతుతో చెప్పండి. కావాల్సింది ఏమిటో తెలిసిన మనిషి మాటను లైట్‌మెన్ ఇట్టే పసిగడతారు. మూడో రోజుకి వాళ్ళే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఒప్పుకునేముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డబ్బు తక్కువైనా వీటిని వదలకండి. షూటింగ్‌కు ముందు ఒక రోజు అదే ఇంట్లో, అదే కెమెరాతో, నటుల్లో ఇద్దరితోనైనా టెస్టు. మీకు నచ్చిన ఒక లైట్‌మ్యాన్. మీరు నమ్మే ఫోకస్ పుల్లర్, ఎందుకంటే మొదటి వారంలో మీ చేతులు మీకు తెలియకుండానే ఆ ఫోకస్ చక్రం వైపు పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, చివర్లో డీఐ గదిలో (తీసిన సినిమా రంగులూ వెలుతురూ సరిదిద్దే చోట) మీరు కూర్చోవాలి, దానికి రోజులు, డబ్బు ముందే రాసుకోవాలి. రెండింటి రాత్రి అని మీరు చీకట్లో వదిలిన గోడను, మీరు లేనప్పుడు ఎవరో ‘కనిపించట్లేదు’ అని తెల్లగా లేపేస్తే, ఇక దాన్ని వెనక్కి తెచ్చేవాళ్ళు ఉండరు. అలాగే సెట్లో మానిటర్ మీద దర్శకుడు ఏ రంగు చూస్తారో మొదటి రోజే ఖాయం చేయండి. ఇరవై రెండు రోజులు ఒక రంగు చూసి అలవాటుపడిన కంటికి చివర్లో ఇంకేదీ నచ్చదు.

పని గంటలు కూడా రాయించుకోండి. చిన్న సినిమాల్లో 22 రోజులంటే 22 పగళ్ళూ, 22 రాత్రులూ అనుకునేవాళ్ళుంటారు. 1997లో అమెరికాలో ఒక అసిస్టెంట్ కెమెరామన్ 19 గంటలు పనిచేసి, ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్తూ నిద్రపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ బాధతో పెద్ద కెమెరామన్ హాస్కెల్ వెక్స్‌లర్ సెట్లలో నిద్రలేమి మీద ఒక డాక్యుమెంటరీయే తీశారు. మీరిప్పుడు ఒక డిపార్ట్‌మెంట్‌కు పెద్ద. మీ కింద పనిచేసే కుర్రాడు నిద్ర లేకుండా బండి నడపకుండా చూడటం మీ పనిలో భాగం. ప్యాకప్ చెప్పించాల్సిన చోట మొహమాటపడకండి. ఈ విషయంలో నేను ఒకప్పుడు మొహమాటపడ్డాను, మావాడు బతికి బయటపడ్డాడు గానీ ఆ రాత్రి ఫోన్ మోగిన తీరు నాకింకా గుర్తుంది.

ఇక అమ్మగారి మాట. ఆమెకు మాటల్లో చెప్పకండి, మనలో ఎవరం చెప్పలేం. మీ సొంత అభ్యాసానికి ఒక పని చెబుతాను, అదే ఆమెకు జవాబు కూడా అవుతుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక కిటికీ పక్కన అమ్మను కూర్చోబెట్టండి. పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా గంటకొకసారి అదే చోట, అదే లెన్సుతో ఫొటో తీయండి. లైటు వేయొద్దు. ఎక్స్‌పోజర్ రాసుకోండి, ముక్కు నీడ ఎటు పడిందో రాసుకోండి, కంట్లో మెరిసే కిటికీ చుక్క ఏ గంటలో పోయిందో రాసుకోండి. పదకొండింటికి చెంప గట్టిగా కనిపిస్తుంది. మబ్బు పడితే కళ్ళకింద అలసట పోతుంది. సాయంత్రం ఒక పది నిమిషాలు గదీ బయటా ఒకే వెలుతురులో ఉంటాయి, దాన్ని వదలకండి, మీ 22 రోజుల్లో అలాంటివి ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

తర్వాత ఆ ఫొటోలన్నీ వరసగా పెట్టి, ఏ గంటలో తన ముఖం తనలా ఉందో అమ్మనే చెప్పమనండి.